గని గంటయు, ఆబ్జెక్టుల సంకేతములును

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. నేటి మన విద్యార్థులు కేజ్ ఎక్కి గనిలోనికి దిగినవారు కారు. అయినను ఆ బావిలోని గంట క్రమము తెలిసికొన్నచో, కంప్యూటరు పాఠములోని 'ఈవెంట్' సులభముగా బోధపడునని మా తలంపు.

ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. కేజ్‌ను నడుపు ఇంజను డ్రైవరునకు లోపలి మనుష్యులు కనబడరు. గంట మ్రోగును, దానినిబట్టి అతడు ఎత్తును, దించును, ఆపును. గంట కొట్టువానికి ఇంజను సంగతి తెలియనక్కరలేదు. కాని ఆ పనికి నియమితుడైనవాడే గంట కొట్టవలెను.

2002లో వెలువడిన సి షార్ప్ భాషలో ఈ కట్టుబాటే ఉన్నది. ఒక క్లాసు ఈవెంట్‌ను ప్రకటించును. ఇతర ఆబ్జెక్టులు తమ హ్యాండ్లరులను, అనగా సంకేతము విన్నంతనే నడువవలసిన విధానములను, దానికి చేర్చవచ్చును, తీసివేయవచ్చును, అంతే. గంట మ్రోగించు హక్కు ప్రకటించిన క్లాసుదే. 'ఈవెంట్' అను మాట విడిచి ఉత్త డెలిగేటును బహిరంగముగా ఉంచినచో, ఎవరైనను గంట కొట్టగలరు. ఒక్క సమాన చిహ్నముతో అదివరకు చేరినవారినందరిని తుడిచివేయగలరు కూడ.

ఇక అపాయము సంగతి. లోతున ఒత్తిడికి రాయి పేలు 'రాక్ బర్స్టు'లు మన గనులలో ఎందరి ప్రాణములనో తీసినవి. అట్టి కంపనమును కనిపెట్టు ప్రోగ్రామును ఊహింతము. కంపన ఈవెంట్‌కు మూడు హ్యాండ్లరులు చేరినవి: మొదటిది వివరము వ్రాసికొనును, రెండవది సైరను మ్రోగించును, మూడవది ఆసుపత్రికి కబురు పంపును. పిలుపు చేరిన వరుసలోనే సాగును. డిస్కు నిండి మొదటిది ఎక్సెప్షను విసరినచో పిలుపు అక్కడనే ఆగును, సైరను మ్రోగదు! వ్రాతగుమాస్తా తడబాటునకు గనిలోనివారు బలియగుట ఏమి న్యాయము? కావున హ్యాండ్లరుల జాబితాను తీసికొని, ఒక్కొక్కదానిని వేరువేరుగ ట్రై, క్యాచ్‌ల నడుమ పిలువవలెను. పట్టిన తప్పును మ్రింగివేయక, వేరొకచోట నమోదు చేయవలెను.

ఎవరును చేరని ఈవెంట్ సి షార్ప్‌లో శూన్యము, అనగా నల్. దానిని పిలిచినను ఎక్సెప్షనే. ముందుగా పరీక్షించిన చాలునా? చాలదు. పరీక్షకును పిలుపునకును నడుమ మరియొక థ్రెడ్ కడపటి హ్యాండ్లరును తీసివేయవచ్చును. అందుచే ఈవెంట్ ప్రతిని స్థానిక చరరాశిలో నుంచికొని, దానినే పరీక్షించి, దానినే పిలుతురు. 2015లో వచ్చిన ప్రశ్నార్థక చుక్క గుర్తు ఈ పనిని ఒక్క పంక్తిలో చేయును. అయితే ఆ ప్రతిలో అప్పుడే వైదొలగిన హ్యాండ్లరు ఉండవచ్చును. కావున వైదొలగిన పిమ్మట ఒక పిలుపు వచ్చినను తట్టుకొనునట్లు హ్యాండ్లరును వ్రాయవలెను.

పని తీరిన ఆబ్జెక్టు తన హ్యాండ్లరును తీసివేయుట మరువరాదు. ఈవెంట్ గల ఆబ్జెక్టు బ్రతికియున్నంతకాలము చేరినదానిని పట్టుకొనియే యుండును. చెత్త నెత్తు యంత్రాంగము దానిని ముట్టదు. హాజరుపట్టీలో పేరు కొట్టివేయని పనివానివలె, పని లేకున్నను అది జ్ఞాపకశక్తిలో చోటు తినుచునే యుండును.