కాళ్ళు ఒత్తే ముందు

సాయంత్రం పూట మన వార్డుల్లో చూస్తే, మంచం పక్కన కూర్చుని పెద్దవారి కాళ్ళు ఒత్తుతున్న కూతురో కోడలో తప్పక కనిపిస్తారు. ఎవరూ నేర్పకుండానే వచ్చిన పని అది. అయితే ఒత్తడానికీ ఒక పద్ధతి ఉంది. అసలు ఒత్తకూడని సమయమూ ఉంది.

ఫిజియోథెరపీలో నేర్పే మర్దనకు స్వీడిష్ మసాజ్ అని పేరు. 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాలయం స్థాపించిన పెర్ హెన్రిక్ లింగ్ వల్ల ఆ పేరు వచ్చిందంటారు. కాని అందులోని పద్ధతులకు ఫ్రెంచి పేర్లు స్థిరపడింది హాలండ్ వైద్యుడు యోహాన్ మెజ్గర్ వల్లనే అని చాలామంది అభిప్రాయం.

మొదటిది ఎఫ్లూరాజ్, అంటే నిమరడం. అరచేయి మొత్తం ఆనించి, పాదం నుండి తొడ వైపు, వేళ్ళ నుండి భుజం వైపు పొడవుగా నిమరాలి. ఒత్తిడి గుండె వైపు వెళ్ళేటప్పుడే. తిరిగి వచ్చేటప్పుడు చేయి తేలికగా జారాలి. సిరల్లో రక్తం నడిచే దిశ అదే. మన ఇళ్ళలో చాలామంది తొడ నుండి కిందికి లాగుతారు. ఆ అలవాటు మార్చుకోండి. మర్దన నిమరడంతో మొదలై నిమరడంతోనే ముగుస్తుంది.

పెట్రిసాజ్ అంటే పిసకడం. చపాతీ పిండిలా కండను కొంచెం పైకెత్తి, పిసికి వదలాలి. చర్మాన్ని గిల్లినట్లు ఉండకూడదు. ఫ్రిక్షన్‌లో బొటనవేలితో బిగుసుకున్న చోట చిన్న వలయాలుగా రుద్దుతారు. వేలు జారకుండా చర్మం వేలితోపాటు కదలాలి కనుక నూనె తక్కువ చాలు. టాపోట్‌మాన్ అంటే చేతి అంచుతోనో, దోసిలిలా వంచిన అరచేతితోనో తట్టడం. వెన్నెముక మీద తట్టకూడదు. చివరిది వైబ్రేషన్, చేతిని సన్నగా వణికించడం. ఇది అనుభవం ఉన్నవారికి వదిలేయడం మేలు.

ఇప్పుడు అసలు మాట. ఆపరేషన్ తరువాతనో, ఎముక విరిగో చాలా రోజులు మంచం మీద ఉన్నవారికి ఒక కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దానిని ఒత్తకండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. వెంటనే నర్సుకు చెప్పండి. డాప్లర్ స్కాన్‌తో తెలుసుకోవచ్చు. ఇంట్లో ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా ఉంటే క్షణం ఆలస్యం చేయవద్దు.

షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి గట్టిగా ఒత్తినా తెలియదు. వారికి మెల్లగా నిమిరితే చాలు, పుండు ఉంటే అదీ వద్దు.

గోళ్ళు కత్తిరించుకోండి, ఉంగరాలు తీసి పెట్టండి. నూనె చేతిలో పోసుకునే ముందు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టించి, ఒకే లావు ఉన్నాయో లేదో చూడండి.