పైసలెవలిస్తరు బిడ్డా?

పోయిన వేసవి సంగతి. జగిత్యాలలో మామిడి కాలమంటే మీకు తెలియనిదేముంది, ఊరంతా అదే వాసన. కానీ బండి మీద బంగారంలా మెరిసే పండు ఇంటికి తెచ్చి కోస్తే లోపలంతా పులుపే! మా అత్తమ్మ ఒక ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని, "గిది చెట్టుకు పండలే, పొడికి పండింది" అని తేల్చేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇద్దరు అమ్మాయిలు మా గుమ్మంలోకి వచ్చారు. భుజాన సంచులు, చేతిలో కరపత్రాలు, రశీదు పుస్తకం. పురుగుమందుల గురించి, కార్బైడ్ పళ్ల గురించి ఊరూరా తిరిగి చెప్పే చిన్న సంస్థ వాళ్లది. కాల్షియం కార్బైడ్‌తో పళ్లు మాగబెట్టడాన్ని ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయనీ, దాని బదులు ఇథిలీన్ వాయువును పరిమితికి లోబడి వాడుకోవచ్చనీ చెప్పారు. బజారులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్ లాంటి విషాల జాడలు ఉండొచ్చట. మంచినీళ్లు తాగి, చివరికి మొహమాటంగా రశీదు పుస్తకం తీశారు.

అంతవరకూ మంచం మీద కూర్చుని వింటున్న అత్తమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఎండల పడి ఇంత తిరుగుతున్నరు గదా, మీకు పైసలెవలిస్తరు బిడ్డా?"

"దాతలిస్తరమ్మా" అంది పెద్దమ్మాయి.

"దాతలకు పేరుండదా మరి?"

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. నాకేమో సిగ్గేసింది. గబగబా వంద రూపాయలిచ్చి పంపించేశాను. వాళ్లు గేటు దాటాక అత్తమ్మ మీద విసుక్కున్నాను కూడా. ఆవిడ మాత్రం తొణకలేదు. "అడిగితే తప్పేంది? చిట్టీ కట్టేటప్పుడు అడగమా, ఎవలు నడుపుతున్నరు, పైసలు యాడ పెడుతున్నరని?"

నేను కథలు రాసుకునే మనిషిని. బీకాం పట్టా ఉందన్న మాటే గానీ పాలవాడి లెక్క కూడా రెండుసార్లు కూడాలి. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మన తిండిలో, నీళ్లలో, గాలిలో విషముందని చెప్పేవాళ్లకు డబ్బెక్కడిది? దొరికినంత చదివాను, తెలిసినవాళ్లను అడిగాను.

పునుకుల ఆడవాళ్లు

ముందుగా మన తెలంగాణ ఊరి కథే చెబుతాను. పాల్వంచ దగ్గర పునుకుల. అప్పట్లో ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. పత్తి ఊరు. విత్తనం, పురుగుమందు అప్పుగా ఇచ్చేది డీలరే. మందు కొట్టినకొద్దీ పురుగు ముదిరింది, పురుగు ముదిరినకొద్దీ అప్పు ముదిరింది. నీళ్లు మోసి, మందు కలిపి ఇచ్చే పని చాలా ఇళ్లలో ఆడవాళ్లదే. తలనొప్పులూ, వాంతులూ వాళ్లకే. అప్పుల పాలైన మగవాళ్లు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకుంటారేమోనన్న భయమూ వాళ్లకే.

1999లో 'సెక్యూర్' అనే స్థానిక సంస్థ అక్కడ పని మొదలుపెట్టింది. దానికి అండ సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ. వేసవిలో లోతు దుక్కి, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, పురుగును ఆకర్షించే బుట్టలు... ఇవీ వాళ్లు నేర్పినవి. మొదట ఒకరిద్దరే ముందుకొచ్చారు. మగవాళ్లు జంకితే మహిళా సంఘం వాళ్లే ఇంట్లో పట్టుబట్టారు. 2003-04 నాటికి పంచాయతీ తమది పురుగుమందులు వాడని ఊరని ప్రకటించింది. మందుల డీలర్లు అమ్మకాలకు ఊళ్లోకి రావద్దని తీర్మానం చేసింది. వేపగింజలు దంచే యంత్రంతో ఆడవాళ్లకు కొంత ఉపాధి కూడా దొరికింది.

ఈ కథ చాలామంది రాశారు. నేను అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివాను. ఆ నాలుగైదేళ్లు ఊరూరా తిరిగిన కార్యకర్తలకు బస్సు చార్జీ ఎవరిచ్చారు? నెలజీతం ఎవరిచ్చారు? అలాంటి పనికి ఆ రోజుల్లో ఎక్కువగా దారి ఒకటే. హైదరాబాద్, ఢిల్లీల్లోని పెద్ద సంస్థలు దేశవిదేశాల దాతల నుంచి డబ్బు తెచ్చి, పల్లెల్లో పనిచేసే చిన్న సంస్థలకు పంచేవి.

తర్వాత సర్కారు కూడా ఈ పద్ధతిని అందుకుంది. 2004-05 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సమాఖ్యల ద్వారానే పురుగుమందుల్లేని సాగును ఎన్నో జిల్లాలకు తీసుకెళ్లింది. ఆ సమాఖ్యలు నడిచిన ఇందిరా క్రాంతి పథానికి ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది. ఒక చిన్న సంస్థ ఒక ఊళ్లో చేసి చూపిన పని అలా పెద్దదైంది. ఇంకో దారీ ఉంది. 2004లో ఏర్పడిన సెంటర్ ఫర్ సస్టెయినబుల్ అగ్రికల్చర్ రైతులు పండించిన పంటను 'సహజ ఆహారం' పేరుతో పట్నవాసులకు అమ్మే ఏర్పాటుకు అండగా నిలిచింది. అమ్మకం మీద రైతుకూ రాబడి, పనికీ నిలకడ.

ఏ సంచిలోంచి వచ్చినా...

డబ్బు ఏ సంచిలోంచి వచ్చినా దానికో తాడు ఉంటుంది. విదేశీ విరాళాల సంగతే చూడండి. వాటిని అదుపు చేసే చట్టం 1976లోనే వచ్చింది. 2010లో కొత్త చట్టం చేశారు, 2020లో దాన్నీ బిగించారు. విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. ఆఫీసు ఖర్చులు అంతకుముందు నూటికి యాభై వరకు ఉండొచ్చు, దాన్ని ఇరవైకి తగ్గించారు. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలన్నారు. లెక్క పక్కాగా ఉండాలన్నది సర్కారు మాట. నిజమే, ఉండాలి. కానీ పునుకుల లాంటి ఊళ్లలో పనిచేసే చిన్న సంస్థకు పెద్ద సంస్థ చేతి మీదుగా వచ్చే విదేశీ సొమ్ము దారి దాంతో మూసుకుపోయింది.

పోనీ కంపెనీలు? 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. బడికి బెంచీలు, ఊరికి నీళ్ల ట్యాంకు అంటే సంతోషంగా ఇస్తారు. 'మీ ఫ్యాక్టరీ నీళ్లు పరీక్ష చేయిస్తాం, పైసలివ్వండి' అంటే ఎవరిస్తారు చెప్పండి?

ఢిల్లీలో అనిల్ అగర్వాల్ 1980లో మొదలుపెట్టిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ మీకు గుర్తుండే ఉంటుంది. 2003 ఆగస్టులో పన్నెండు రకాల కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టింది వాళ్లే. కంపెనీలు కాదన్నాయి. పార్లమెంటు సంయుక్త సంఘం విచారించి, 2004 ఫిబ్రవరిలో సంస్థ చెప్పింది నిజమేనంది. అదే కంపెనీల విరాళంతో ఆ ల్యాబు నడిచి ఉంటే ఆ నివేదిక మన దాకా వచ్చేదా?

అమెరికాలో 1993లో పుట్టిన ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అని ఒకటుంది. పురుగుమందుల అవశేషాలు ఎక్కువగా ఉన్న పన్నెండు పళ్లూ కూరల జాబితా ఏటా ఇస్తుంది. ఎంత మోతాదుతో ఎంత ప్రమాదమో ఆ జాబితా సరిగా చూపదని శాస్త్రవేత్తల్లో కొందరి విమర్శ. ఆ సంస్థే సబ్బులూ, క్రీములూ పరీక్షించి తన గుర్తు వేసుకోనిస్తుంది, దానికి కంపెనీల నుంచి ఫీజు తీసుకుంటుంది. మంచి పనే కావచ్చు, కానీ తీర్పు చెప్పేవాళ్లే ఫీజు తీసుకుంటే మనకు అనుమానం రాదా? అయితే ఒక సంగతి మెచ్చుకోవాలి. అక్కడ ఇలాంటి సంస్థలు ఏటా ప్రభుత్వానికిచ్చే లెక్కల పత్రాన్ని ఎవరైనా అడిగి చూడొచ్చు.

కోరుట్లలో, సిరిసిల్లలో

ఈ ఆలోచనల్లో ఉండగానే కోరుట్లలో మా పుట్టింటికి పోయాను. పక్కింటి వదినె చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న దృశ్యమే. ఈసారి మాత్రం గదిలోని తంబాకు ఘాటు నాకు కొత్తగా తగిలింది. పక్కనే మనవడు నిద్రపోతున్నాడు.

"దగ్గు వస్తలేదా వదినె?" అన్నాను.

"వస్తది. బీడీలు జేస్తే దగ్గు రాకుంటదా? అదెవలికి జెప్పాలె?"

బీడీల మీద వసూలు చేసే సెస్సు ఒకటి 1976 చట్టంతో వచ్చింది. కార్మికుల దవాఖానాలకు, పిల్లల స్కాలర్‌షిప్పులకు, ఇళ్లకు ఆ నిధి ఆసరా. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు ఎత్తేశారు. రాష్ట్రం 2015 నుంచి బీడీ కార్మికులకు నెలనెలా భృతి ఇస్తోంది, అది వదినె ఇంటికి కొండంత అండ. కానీ తంబాకు దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో పరీక్షించి, ఆమె తరఫున గట్టిగా మాట్లాడే పనికి ప్రత్యేకంగా నిధి కావాలి కదా! ఆ సంచి ఎవరిది?

అక్కణ్ణుంచి సిరిసిల్లలో చెల్లె ఇంటికి. పవర్‌లూమ్‌ల చప్పుడులో గట్టిగా అరిస్తే తప్ప మాట వినబడదు. నూలు దుమ్ము కనురెప్పల మీద వాలుతుంది. మరిది నవ్వుతూ, "గీ చప్పుడు లేకుంటె మాకు నిద్ర రాదు వదినా" అన్నాడు. అన్నట్టు, సిరిసిల్లలో కరెంటు ఇచ్చేది జనం సభ్యులుగా ఉన్న సహకార సంఘమే, 'సెస్' అంటారు. యాభై ఏళ్లు దాటింది. దానికీ గొడవలుంటాయి, ఎన్నికలుంటాయి, ఆరోపణలుంటాయి. కానీ మా చెల్లె కరెంటు పోతే, "మేం సభ్యులం, మాకు జవాబు చెప్పాలె" అని ఫోన్లో గద్దిస్తుంది. వాటా ఉన్నచోట మాటకు బలం వస్తుందని నాకు అక్కడ అర్థమైంది.

మా చిట్టీ బృందం

తిరిగొచ్చాక మా వీధిలో చిట్టీ వేసే పన్నెండు మందిమి కూర్చున్నాం. మన బోరు నీళ్లు, మనం తినే మామిడిపళ్లు పరీక్ష చేయించి, ఒక సభ పెట్టి అందరికీ చెబుదామని నేనే అన్నాను. ల్యాబు ధరలు కనుక్కుంటే గుండె గుభేలుమంది! పురుగుమందుల అవశేషాల పరీక్ష ఒక్క నమూనాకే వేలల్లో ఉంది.

అప్పుడు మాలో ఒకావిడ, "మా అన్న ఐదు వేలిస్తడట. సభ బ్యానరు మీద ఆయన షాపు పేరుంటే సాలు" అంది. వాళ్ల అన్నది ఎరువులు, పురుగుమందుల దుకాణం. మంచి మనిషే, ఎవరికి ఆపదొచ్చినా ముందుంటాడు. అందరి మొహాలూ వెలిగాయి. నాకు మాత్రం అత్తమ్మ ప్రశ్న చెవిలో మోగింది. "వద్దేమో" అన్నాను. ఆ సాయంత్రం మాటా మాటా పెరిగింది. చివరికి ఏడుగురు వద్దన్నారు, ఐదుగురు తీసుకుందామన్నారు. ఆవిడ ఆ నెల చిట్టీకి రాలేదు. నాతో మాట్లాడటం మానేసింది.

మిగిలిన పదకొండు మందిమి తలా రెండొందలు వేసుకున్నాం. మామిడిపళ్ల పరీక్షకు అవి చాలలేదు. నీళ్ల పరీక్ష ఒక్కటే చేయించాం. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడని నైట్రేట్ మా వీధి బోరులో దాటింది. ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం, కాచినా పోదు. అది నీళ్లలోకి వచ్చే దారుల్లో డ్రైనేజీ ఒకటి, పొలాలకు వేసే ఎరువు ఇంకొకటి. ఎరువుల షాపు బ్యానరు కింద నిలబడి ఆ మాట ఎలా చెప్పేవాళ్లం? బ్యానరు లేకుండానే, మా ఇంటి మేడ మీద చెప్పుకున్నాం. మూడో నెలలో ఆవిడే వచ్చి, "మా మనవరాలికి పాలడబ్బా కలుపుతున్నం, ఏ నీళ్లు వాడాలె?" అని అడిగింది. బోరు నీళ్లు మాత్రం వద్దన్నాను.

మీరు ఇవ్వబోయే ముందు

ఇలాంటి సంస్థవాళ్లు మీ ఇంటికొస్తే తరిమేయకండి, ఊరికే ఇచ్చి పంపేయకండి కూడా. పోయిన ఏడాది ఆడిట్ లెక్క చూపించమనండి. పెద్ద దాతలు ఎవరో అడగండి. వాళ్లు తప్పు పట్టాల్సిన వ్యాపారం వాళ్ల దగ్గర్నుంచే పైసలు తీసుకున్నారేమో చూడండి. రశీదు తప్పకుండా తీసుకోండి. పన్ను రాయితీ కావాలంటే రెండు వేలకు మించిన మొత్తాన్ని నగదుగా ఇవ్వకండి. ఇంకో మాట, 'సేవ అంటూ జీతాలా?' అనకండి. ఎండలో తిరిగే పిల్లకు ఇంటద్దె ఉంటుంది, అమ్మానాన్నలుంటారు. గుడికి, అన్నదానానికి ఇచ్చేటప్పుడు వెనకాడని మనం నీళ్ల పరీక్షకు ఇవ్వడానికి ఎందుకు వెనకాడతాం? కట్టిన గోడ కనబడుతుంది, ఆగిన జబ్బు కనబడదు, అందుకేనేమో.

ఈ ఏడు మళ్లీ మామిడిపళ్లు వచ్చాయి. ఆ అమ్మాయిలూ వచ్చారు. పెద్దమ్మాయి నా వైపు చూడకుండా నేరుగా అత్తమ్మ దగ్గరికెళ్లి సంచిలోంచి మడత కాగితం తీసింది. పోయిన ఏడాది లెక్క. అత్తమ్మకు అక్షరాలు రావు, నన్ను చదవమంది. జీతాలు, బస్సు చార్జీలు, పరీక్షలు, కరపత్రాలు, వచ్చినదెంత, ఎవరిచ్చారు... అన్నీ వరసగా చదివాను. జీతాల దగ్గర ఆపింది.

"గింతేనా బిడ్డా?"

ఆ పిల్ల తల వంచుకుంది. అత్తమ్మ కొంగు ముడి విప్పి నలిగిన యాభై నోటు తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆ పిల్ల "వస్తం అవ్వా" అని లేవబోతుంటే, "ఆగు, రశీదు రాయి" అంది.