గామా కిరణ విస్ఫోటాల చిరునామా

1963 ఆగస్టు 5న మాస్కో నగరంలో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ దేశాలు ఒక ఒడంబడికపై సంతకాలు చేశాయి. వాతావరణంలో గాని, అంతరిక్షంలో గాని, సముద్ర గర్భంలో గాని అణ్వస్త్ర పరీక్షలు జరపరాదన్నది దాని సారాంశం. ఒడంబడిక కుదిరినా అనుమానం తీరలేదు. ఎవరైనా రహస్యంగా అణుబాంబు పేల్చితే దాని నుంచి వెలువడే గామా కిరణాలను పసిగట్టడానికి అమెరికా ఆ సంవత్సరమే ‘వేలా’ ఉపగ్రహాలను జంటలుగా ప్రయోగించడం ప్రారంభించింది. భూమికి లక్ష కిలోమీటర్లకు పైబడిన దూరంలో అవి కాపలా తిరిగాయి. కాపలా కాయడమన్న అర్థమిచ్చే స్పానిష్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. మన భాషలలో ‘వేళ’ అంటే సమయం. ఆ ఉపగ్రహాలు చివరకు సాధించిన ఘనకార్యం సమయాన్ని సూక్ష్మంగా కొలవడమే కావడం వల్ల మన అర్థం కూడా వాటికి చక్కగా అమరింది.

1967 జూలై 2న ఆ ఉపగ్రహాలు ఒక గామా కిరణాల వెల్లువను నమోదు చేశాయి. లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన రే క్లెబెసాడెల్, రాయ్ ఓల్సన్ ఆ రికార్డులను 1969లో పరిశీలించినప్పుడు ఆశ్చర్యపోయారు. అది బాంబు లక్షణం కాదు. మొదట ఒక చురుకైన మెరుపు, ఆ వెంటనే దానికంటె నిదానమైన మరొక ఉబుకు కనిపించాయి. సూర్యునిలో ఆనాడు విశేషమైన ప్రజ్వలన కూడా లేదు. తరువాత ప్రయోగించిన ఉపగ్రహాలలో మరింత సున్నితమైన పరికరాలు అమర్చారు. 1969 జూలై మొదలు 1972 జూలై వరకు అటువంటి ఘటనలు 16 లభించాయి. ఈ ఫలితాలను ఇయాన్ స్ట్రాంగ్‌తో కలిసి వారు 1973లో ప్రకటించారు. భూమి నుంచీ కాదు, సూర్యుని నుంచీ కాదు అని మాత్రం ధైర్యంగా చెప్పగలిగారు. ఎక్కడి నుంచి అన్న ప్రశ్నకు సమాధానం దొరకడానికి మరొక ఇరవై నాలుగు సంవత్సరాలు పట్టింది.

ఇంత ఆలస్యం ఎందుకు జరిగిందో తెలియాలంటే గామా కిరణాల స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. సామాన్యమైన వెలుగును దర్పణంతోనో, కటకంతోనో ఒక బిందువు వద్దకు చేర్చి ప్రతిబింబాన్ని పొందవచ్చు. అమితశక్తి గల గామా కిరణాలు అద్దానికి లొంగవు. దానిని చొచ్చుకొని పోతాయి. వాతావరణం వాటిని పీల్చివేస్తుంది కనుక నేల మీద నిలిచి నేరుగా చూసే వీలు లేదు. పైగా ఈ విస్ఫోటం ఏ క్షణాన, ఏ దిక్కున వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కొన్ని సెకన్లలో, మహా అయితే కొన్ని నిమిషాలలో అది ముగిసిపోతుంది. గుర్తించేది కేవలం ఒక లెక్కింపు యంత్రం. ఇన్ని కణాలు వచ్చాయి, ఈ సమయానికి వచ్చాయి అని మాత్రమే అది చెప్పగలదు.

కాలం నుంచి దిక్కు

అయితే సమయం తెలిస్తే దిక్కును ఊహించవచ్చు. ఊరికి రెండు చివరల నిలిచిన ఇద్దరు ఒకే ఉరుమును విన్నారనుకుందాం. ఎవరికి ముందుగా వినిపించిందో, ఎంత ముందుగా వినిపించిందో తెలిస్తే ఉరుము ఏ వైపు నుంచి వచ్చిందో కొంతవరకు తేలుతుంది. వేలా ఉపగ్రహాల విషయంలోనూ ఇదే సూత్రం. కాంతి సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పయనిస్తుంది. ఆ ఉపగ్రహాలు సెకనులో 64వ వంతు వరకు కాలాన్ని కొలవగలిగేవి. అంత స్వల్ప వ్యవధిలో కాంతి నడిచే దూరం సుమారు 4,700 కిలోమీటర్లు. లక్షల కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఉపగ్రహాలకు ఈ తేడా బాగానే తెలుస్తుంది. రెండు ఉపగ్రహాల కాలభేదం ఆకాశంలో ఒక వలయాన్ని ఇస్తుంది. విస్ఫోటం ఆ వలయం మీద ఎక్కడో ఉన్నదని అర్థం. మూడవ ఉపగ్రహం మరొక వలయాన్ని ఇస్తుంది. రెండు వలయాలు ఖండించుకొనే రెండు చోట్లలో ఒకటి అసలు స్థానం.

ఉపగ్రహాల మధ్య దూరం పెరిగినకొద్దీ గురి కుదురుతుంది. 1970 దశకం చివరలో శుక్రగ్రహానికి వెళ్లిన సోవియట్ ‘వెనేరా’, అమెరికా ‘పయొనీర్ వీనస్’ నౌకల మీద, సూర్యుని చుట్టూ తిరిగే ‘హీలియోస్ 2’ మీద గామా పరికరాలను అమర్చి కోట్ల కిలోమీటర్ల పరిధి గల వలను పరిచారు. రెండు అగ్రరాజ్యాల మధ్య మాటలు కరువైన కాలంలో వాటి నౌకలు నమోదు చేసిన గడియారపు లెక్కలు ఒకే కాగితం మీదికి వచ్చాయి. స్థానం నిర్దుష్టంగానే దొరికింది. కాని నౌకల నుంచి సమాచారం రాబట్టి, గణించి, ఖగోళ శాస్త్రజ్ఞులకు అందజేసేసరికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు గడిచిపోయేవి. అప్పుడు దూరదర్శినిని ఆ వైపు తిప్పితే అక్కడ ఏమీ ఉండేది కాదు.

దూరం తెలియనందువల్ల ఊహలకు అంతులేదు. విస్ఫోటం మన పాలపుంతలోనే జరుగుతున్నదంటే దాని శక్తి ఒక మోస్తరు. వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల జరుగుతున్నదంటే, సూర్యుడు తన జీవితకాలమంతటిలో వెలువరించే శక్తి కొద్ది సెకన్లలో వెలువడుతున్నదని ఒప్పుకోవాలి. చాలామంది మొదటిదానివైపే మొగ్గారు. 1991 ఏప్రిల్‌లో కక్ష్యలో ప్రవేశించిన కాంప్టన్ గామా కిరణ వేధశాల ఈ నమ్మకాన్ని కదిలించింది. దాని మీది ‘బాట్సే’ పరికరం తొమ్మిదేళ్లలో 2,704 విస్ఫోటాలను నమోదు చేసింది. విస్ఫోటాలు పాలపుంత సంబంధమైనవే అయితే ఆకాశంలో ఆ తెల్లని పట్టీ వెంబడి గుమిగూడాలి. కాని అవి చల్లిన గింజలవలె అన్ని దిక్కులా సమానంగా కనిపించాయి. అయినా వివాదం ఆగలేదు. 1995 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో జరిగిన బహిరంగ చర్చలో బోడాన్ పచిన్స్కీ అవి సుదూర విశ్వానివని, డాన్ లాంబ్ అవి పాలపుంతను ఆవరించిన విశాల పరివేషానివని వాదించారు. ఇరువురూ సమర్థులే. ఒక్క విస్ఫోటానికైనా చిరునామా దొరికితే తప్ప తీర్పు చెప్పే అవకాశం లేదు.

మలివెలుగు దొరికిన రాత్రి

ఆ చిరునామాను అందించినది 1996 ఏప్రిల్ 30న ప్రయోగించిన ఇటలీ, నెదర్లాండ్స్ దేశాల ఉమ్మడి ఉపగ్రహం ‘బెప్పోసాక్స్’. దానిలో ఒక చక్కని ఉపాయం ఉన్నది. ఎండలో జాలీ కిటికీ నేల మీద పరిచే నీడను గమనించండి. సూర్యుడు జరిగినకొద్దీ ఆ నీడ కూడా జరుగుతుంది. నీడను చూసి సూర్యుని స్థానం చెప్పవచ్చు. అదే విధంగా ఒక క్రమంలో రంధ్రాలు చేసిన లోహపు పలకను ఎక్స్ కిరణ గ్రాహకానికి ముందు అమర్చితే, దాని నీడ పడిన తీరును బట్టి కిరణాలు వచ్చిన దిక్కు తెలుస్తుంది. కటకం గాని, దర్పణం గాని అక్కర లేదు.

1997 ఫిబ్రవరి 28న మృగశిర, ఆరుద్ర నక్షత్రాలున్న ఓరియన్ మండలం వైపున ఒక విస్ఫోటం కనిపించింది. స్థూలంగా దిక్కు తెలియగానే సుమారు ఎనిమిది గంటలలో ఉపగ్రహాన్ని తిప్పి, సూక్ష్మ పరికరాలను అటు గురిపెట్టారు. అక్కడ అంతకుముందు ఎరుగని ఎక్స్ కిరణ జ్యోతి ఒకటి కనిపించింది. మూడు రోజుల తరువాత మళ్లీ చూస్తే అది చాలావరకు మలిగిపోయింది. ఈలోగా యాన్ వాన్ పారదైస్ నాయకత్వంలోని బృందం కానరీ దీవులలోని లా పామా శిఖరం మీది 4.2 మీటర్ల విలియం హెర్షెల్ దూరదర్శినితో ఆ చోటును ఛాయాచిత్రం తీయించింది. విస్ఫోటం జరిగి అప్పటికి ఇరవై ఒక్క గంటలు. మార్చి 8న తీసిన రెండవ చిత్రాన్ని దాని పక్కన పెట్టి పోల్చినప్పుడు, మొదటి దానిలో ఉన్న ఒక మినుకు చుక్క రెండవ దానిలో లేదు. గామా కిరణ విస్ఫోటానికి కంటికి కనిపించే వెలుగు తోడుగా దొరకడం అదే మొదటిసారి. విస్ఫోటం వెనుక మిగిలే ఈ దీప్తిని మలివెలుగు అనవచ్చు.

మలివెలుగు ఎలా పుడుతుంది? విస్ఫోటంలో పదార్థం కాంతి వేగానికి అతి చేరువైన వేగంతో సన్నని ధారగా చిమ్ముతుంది. ఆ ధార చుట్టుపక్కల ఉన్న పలుచని వాయువును ఢీకొని క్రమంగా నెమ్మదిస్తుంది. ఆ తాకిడికి వెలువడే కాంతి మొదట ఎక్స్ కిరణాలుగా, తరువాత దృశ్యకాంతిగా, వారాలు గడిచాక రేడియో తరంగాలుగా ప్రధానంగా అందుతుంది. అది మలిగే తీరు కూడా స్థూలంగా తెలిసినదే. గంట నాటికి ఉన్న ప్రకాశంలో సుమారు పదో వంతు పది గంటలకు, నూరో వంతు నూరు గంటలకు మిగులుతుంది. మొదటి గంటలు ఎంత విలువైనవో దీనిని బట్టి గ్రహించవచ్చు.

దూరం లెక్క అదే సంవత్సరం మే నెలలో తేలింది. మే 8 నాటి విస్ఫోటపు మలివెలుగును మార్క్ మెట్జ్‌గర్ బృందం హవాయి దీవులలోని కెక్ దూరదర్శినితో వర్ణపటంగా విడదీసింది. ఇనుము, మెగ్నీషియం రేఖలు తమ సహజ స్థానం నుంచి ఎరుపు వైపు ఎంతో జరిగి కనిపించాయి. ఆ కాంతి మనను చేరడానికి సుమారు 700 కోట్ల సంవత్సరాలు పట్టిందని గణించారు. అంటే సూర్యుడు, భూమి ఏర్పడక పూర్వమే బయలుదేరిన వెలుగు అది. పచిన్స్కీ పక్షం నెగ్గింది.

రాత్రి నుంచి రాత్రికి

విస్ఫోటపు స్థానాన్ని క్షణాలలో ప్రపంచమంతటికీ తెలియజేసే కంప్యూటర్ వార్తా వ్యవస్థ 1990 దశకంలోనే రూపొందింది. 1999 జనవరి 23న ఆ వార్త అందుకొని న్యూ మెక్సికోలోని ‘రోట్సీ’ అనే చిన్న స్వయంచాలక కెమెరా 22 సెకన్లలో ఆకాశాన్ని చిత్రించింది. 900 కోట్ల సంవత్సరాలకు పైగా పయనించి వచ్చిన ఆ వెలుగు ఆ నిమిషంలో మామూలు బైనాక్యులర్‌కు అందేంత ప్రకాశంతో ఉన్నది. అయితే ఒక చోట తెల్లవారితే చూపు ఆగిపోతుంది. అప్పుడు చీకటిలో ఉన్న మరొక దేశం అందుకోవాలి. పడమర కానరీ దీవులకు, తూర్పున ఆస్ట్రేలియాకు నడుమ ఉన్న విశాలమైన రేఖాంశాల మేరలో పెద్ద దూరదర్శినులు తక్కువ. భారతదేశం ఆ ఎడంలో ఉన్నది. ఆ జనవరి విస్ఫోటపు మలివెలుగును నైనిటాల్‌లోని 104 సెంటీమీటర్ల సంపూర్ణానంద్ దూరదర్శినితో మన శాస్త్రజ్ఞులు పరిశీలించారు. 1972లో నెలకొన్న, మధ్యరకం పరిమాణం గల పరికరమది. కాని కావలసిన గంటలో కావలసిన చోట ఉన్నది.

తరువాత లద్దాఖులోని హాన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల చంద్ర దూరదర్శిని వచ్చింది. బెంగళూరు సమీపంలోని హోస్కోటె నుంచి ఉపగ్రహ సంబంధం ద్వారా దానిని నడుపుతారు. 2016లో నైనిటాల్‌కు సమీపాన దేవస్థల్‌లో 3.6 మీటర్ల దూరదర్శిని ప్రారంభమైంది. రేడియో తరంగాలను పట్టడానికి పుణె ప్రాంతంలో 45 మీటర్ల వ్యాసం గల ముప్పై యాంటెనాల సముదాయం ఉన్నది. ఇక గామా కిరణాలను నేరుగా పట్టే పని ‘ఆస్ట్రోశాట్’ది. 2015 సెప్టెంబరు 28న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. రాకెట్ దానిని కక్ష్యకు చేర్చింది. దానిలోని కాడ్మియం జింక్ టెల్యురైడ్ పరికరాన్ని అక్టోబరు 6న పనిలో పెట్టగా ఆనాడే ఒక విస్ఫోటం నమోదైంది. 2023 నవంబరు నాటికి ఆ సంఖ్య 600కు చేరింది.

ఆస్ట్రోశాట్ ఒక పొరపాటును తప్పించిన సందర్భం చెప్పుకోదగినది. 2017 జనవరి 4న రెండు కృష్ణబిలాల కలయిక వల్ల జనించిన గురుత్వ తరంగాలను అమెరికాలోని ‘లైగో’ కేంద్రాలు గుర్తించాయి. ఆ తరంగాలు వచ్చిన ఆకాశ భాగంలోనే హవాయిలోని ఒక దూరదర్శిని త్వరత్వరగా మలిగిపోతున్న చుక్కను చూసింది. రెండింటికీ ముడి ఉన్నట్లయితే అది మహత్తరమైన విషయమే. కృష్ణబిలాలు కలిస్తే వెలుగు రాదన్నది సామాన్య అభిప్రాయం. కాని గురుత్వ తరంగాలకు సుమారు ఇరవై గంటల తరువాత మరొక గామా కిరణ విస్ఫోటం జరిగినట్లు ఆస్ట్రోశాట్ రికార్డులలో ఉన్నది. చుక్క మలిగిన తీరు ఆ రెండవ ఘటన సమయానికే సరిపోయింది. దిక్కు ఒకటే అయినా వేళ వేరని తేలింది.

వేళ ఒకటై, దిక్కు కూడా కలిసిన ఉదాహరణ అదే సంవత్సరం ఆగస్టు 17న లభించింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిన గురుత్వ తరంగాలు అందిన 1.7 సెకన్లకే ఫెర్మీ ఉపగ్రహం స్వల్పకాలిక గామా విస్ఫోటాన్ని నమోదు చేసింది. పదకొండు గంటలు గడవక ముందే చిలీ దేశంలోని దూరదర్శిని 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న గెలాక్సీలో దాని వెలుగును కనిపెట్టింది. బంగారం, ప్లాటినం వంటి బరువైన మూలకాలు పుట్టే చోటు అదని ఆ వెలుగు తెలియజేసింది. రెండు సెకన్లకు లోబడిన విస్ఫోటాలు ఇటువంటి కలయికల వల్ల, అంతకు మించినవి మహానక్షత్రాలు కుప్పకూలడం వల్ల కలుగుతాయన్న విభజన దీనితో స్థిరపడినట్లే కనిపించింది.

కాని 2021 డిసెంబరు 11న ఫెర్మీ, స్విఫ్ట్ ఉపగ్రహాలు పసిగట్టిన విస్ఫోటం దాదాపు ఒక నిమిషం కొనసాగింది. సూత్రం ప్రకారం అది మహానక్షత్ర మరణం కావాలి. స్విఫ్ట్ ఇచ్చిన చిరునామాను బట్టి అనేక దేశాల వారు ఆ చోటును రాత్రి వెంట రాత్రి చూశారు. దేవస్థల్ దూరదర్శిని కూడా వారిలో చేరింది. సుమారు 110 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన జరిగిన ఘటన గనుక నక్షత్రం పేలి ఉంటే ఆ కాంతి తప్పక కనిపించాలి. అది కనిపించలేదు. కనిపించినది 2017 నాటి న్యూట్రాన్ నక్షత్రాల కలయికలో వలె, త్వరగా ఎరుపెక్కి సన్నగిల్లిన వెలుగు. ఇంత దీర్ఘమైన విస్ఫోటం అటువంటి కలయిక నుంచి ఎలా వచ్చిందన్న విషయంపై పరిశోధకులు భిన్న వివరణలు ఇస్తున్నారు.