ఎత్తిన ప్రతి దుంగా లెక్కే

ఆగ్నేయ అలాస్కాలోని టోంగాస్ అడవిలో కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి. అక్కడ స్ప్రూస్, సెడార్ మానుల్ని కొట్టి కిందికి ఈడిస్తే మట్టి కోసుకుపోతుంది, సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే వాగులు పూడిపోతాయి. రోడ్డు వేసినా అదే నష్టం. అందుకే దుంగల్ని హెలికాప్టర్‌తో ఎత్తుతారు. అడవికి మంచి పద్ధతే. కానీ 1992 జనవరి నుంచి 1993 జూన్ దాకా, ఆ ఒక్క ప్రాంతంలో, ఈ పనిలో ఉన్న ఆరు హెలికాప్టర్లు కూలాయి. తొమ్మిది మంది చనిపోయారు, పది మంది తీవ్రంగా గాయపడ్డారు.

దీన్ని విధి మీదికి నెట్టడానికి లేదు. ఆరింటిలోనూ నడిపిన తీరులోనో, మెయింటెనెన్స్‌లోనో లోపాలున్నట్టు తేలింది. 1992 ఫిబ్రవరిలో ఒక హెలికాప్టర్, దుంగలెత్తే పొడవాటి తాడును విప్పకుండానే కార్మికుల్ని ఎక్కించుకుని బయల్దేరింది. దిగబోతుండగా ఆ తాడు తోక రోటర్‌కు చుట్టుకుని తోక భాగమే ఊడిపోయింది. కో-పైలట్, ఐదుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మరో ప్రమాదంలో కంట్రోల్ వ్యవస్థలోని పిస్టన్ రాడ్ మెటల్ ఫెటీగ్‌కు బలైంది.

ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడో ఒక వంపు దగ్గర పుటుక్కుమంటుంది. ఫెటీగ్ అంటే అదే. మామూలు హెలికాప్టర్ లేచి, గంటసేపు ఎగిరి, దిగుతుంది. దుంగలెత్తేది రెండు మూడు నిమిషాలకోసారి పూర్తి బరువు ఎత్తుతుంది, వదులుతుంది, మళ్లీ ఎత్తుతుంది. లాగ్‌బుక్‌లో రెండింటికీ ఒకే గంట. గేర్‌బాక్స్, రోటర్‌ను మోసే మాస్ట్ పడే శ్రమ మాత్రం ఒకటి కాదు. కంటికి కనపడని పగులు అక్కడే మొదలవుతుంది.

పైగా పగిలిన భాగం విరిగే సమయం ఘోరమైనది. ఇంజిన్ ఆగినా రెక్కలు గాలికి తిరుగుతుండగా హెలికాప్టర్‌ను క్షేమంగా దించవచ్చు. అందుకు తగినంత ఎత్తో, వేగమో ఉండాలి. చెట్ల మీద అరవై మీటర్ల ఎత్తున, కదలకుండా నిలబడి దుంగ ఎత్తుతున్నప్పుడు ఆ రెండూ ఉండవు. పైలట్ చూపంతా కిటికీలోంచి కిందనున్న దుంగ మీదే. కింద కొక్కెం తగిలించే మనుషులుంటారు.

హెలికాప్టర్లు తయారుచేసే బెల్ కంపెనీ కొన్ని భాగాలకు గంటలతో పాటు ఎన్నిసార్లు బరువెత్తారన్నదీ లెక్కగట్టి, అంకె హద్దు దాటగానే తీసేయమంటుంది. అన్ని యంత్రాలకూ, అన్ని కీలక భాగాలకూ ఈ లెక్కే తప్పనిసరి కావాలి. సైన్యం వాడి వదిలేసిన పాత హెలికాప్టర్లు కూడా ఈ పనికి వస్తాయి. వాటిలో ఏ భాగం గత చరిత్ర కాగితాల మీద దొరకకపోతే ఆ భాగాన్ని మొదటి దుంగ ఎత్తకముందే మార్చెయ్యాలి, దాని ఖరీదు ఎంతైనా సరే.