జడ్జిగారి భార్య జైలుకెళ్లింది!

నమ్మిన మాట కోసం ఆస్తినీ హోదానీ వదులుకోవడానికి సిద్ధపడిందో ఇల్లాలు. ‘ప్రార్థన సభలో స్త్రీ ఎందుకు మాట్లాడకూడదు?’ అని మూడున్నర శతాబ్దాల క్రితమే ప్రశ్నించింది. ఆమే... క్వేకర్ల తల్లిగా పేరుపడ్డ మార్గరెట్ ఫెల్.

అది 1652. ఇంగ్లండులోని అల్వర్‌స్టన్ చర్చిలో జార్జ్ ఫాక్స్ అనే యువకుడు లేచి మాట్లాడటం మొదలుపెట్టాడు. దేవుడి వెలుగు ప్రతి మనిషిలోనూ ఉందనీ, దాన్ని తెలుసుకోవడానికి మధ్యవర్తులు అక్కర్లేదనీ అతని బోధ. పెద్దలకు కోపం వచ్చింది. బయటికి గెంటమన్నారు. మార్గరెట్ మాత్రం అతన్నీ మాట్లాడనివ్వమంది. వింటూ వింటూ కన్నీళ్లు పెట్టుకుంది.

ఆ సమయంలో ఆమె భర్త థామస్ ఫెల్ ఊళ్లో లేడు. ఆయన న్యాయమూర్తి. తిరిగొస్తుంటే ఇరుగుపొరుగువాళ్లు దారిలోనే ఎదురెళ్లి ‘మీ ఇంట్లోవాళ్లకు ఎవరో మంత్రం వేశారు’ అని చెప్పారు. మండిపడుతూ ఇల్లు చేరాడాయన. కానీ ఆ రాత్రి ఫాక్స్ మాటలు విన్నాక మెత్తబడ్డాడు. తానెన్నడూ క్వేకర్ కాలేదు. అయినా సభలు తమ స్వార్త్‌మూర్ హాల్లోనే పెట్టుకోనిచ్చాడు!

అలా ఆ ఇల్లే ఉద్యమానికి కేంద్రమైంది. ఊరూరా తిరిగే బోధకులకు ఉత్తరాలు రాయడం, జైళ్లలో ఉన్నవారికి డబ్బు పంపడం... అన్నీ మార్గరెట్ చూసుకునేది. 1658లో భర్త పోయాక ఆ అండా లేకుండాపోయింది. అయినా వెనక్కి తగ్గలేదు. 1660లో లండన్ వెళ్లి, తాము శాంతినే కోరుతున్నామని వివరిస్తూ రాసిన ప్రకటనను రాజు రెండో చార్లెస్‌కు అందజేసింది.

ఒట్టు వేయనంది!

ఎప్పుడూ నిజమే చెప్పేవాడికి ప్రత్యేకంగా ప్రమాణం ఎందుకన్నది క్వేకర్ల వాదన. 1664లో రాజుకు విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేయమంటే మార్గరెట్ ససేమిరా అంది. ఇంట్లో సభలూ ఆపనంది. ఫలితం... యావజ్జీవ ఖైదు, ఆస్తి జప్తు! రాజు రక్షణ పోయినా దేవుడి రక్షణ ఉందని కోర్టులోనే బదులిచ్చింది. 1668లో విడుదలయ్యేదాకా లాంకాస్టర్ కోటలో బందీగా ఉంది.

ఖైదులో ఉండగానే స్త్రీల మాట్లాడే హక్కును సమర్థిస్తూ ఆమె రాసిన పుస్తకం 1666లో వెలువడింది. క్రీస్తు తిరిగి లేచాడన్న వార్తను మొదట చెప్పింది స్త్రీలే కదా... మరి ఇప్పుడు వాళ్లు నోరు మూసుకోవాలా అన్నదే ఆమె తర్కం.

1669లో ఫాక్స్‌ను పెళ్లాడింది. అప్పటికి ఆమెకు 55 ఏళ్లు, ఆయనకు 45. భార్య ఆస్తి భర్తకే చెందే ఆ రోజుల్లో, ఆమె ఆస్తిలో చిల్లిగవ్వ కూడా తనకు వద్దన్నాడాయన. ముందుగా ఆమె కూతుళ్ల సమ్మతీ అడిగాడు. ఏడాది తిరక్కుండానే ఆమెకు మళ్లీ జైలు!

రంగు బట్టలు తప్పా?

ముసలితనంలోనూ ఆ గొంతు తగ్గలేదు. క్వేకర్లంతా ఒకే తరహా, ఒకే రంగు బట్టలు వేసుకోవాలన్న పట్టుదలను 86 ఏళ్ల వయసులో తప్పుపట్టింది. మార్పు మనసులో రావాలిగానీ దుస్తుల్లో కాదంది. 1702లో కన్నుమూసింది.

ఆమె వేసిన విత్తు వృథా కాలేదు. 1848లో అమెరికాలోని సెనెకా ఫాల్స్‌లో జరిగిన మహిళా హక్కుల సభను నడిపించినవారిలో లుక్రీషియా మాట్ క్వేకరే. 1947లో నోబెల్ శాంతి బహుమతి బ్రిటన్, అమెరికా క్వేకర్ల సేవాసంస్థలకే దక్కింది. అమెరికాలోని స్వార్త్‌మోర్ కాలేజీకి ఆ పేరు వచ్చింది మార్గరెట్ ఇంటి నుంచే. ఓ ఇల్లాలు తలుపులు తెరిచి ఉంచిన ఇల్లది మరి!