పిల్లి చచ్చినా సినిమా ఆగలేదు

బొమ్మల సినిమా అంటే పిల్లల సినిమా అనే నమ్మకం మనలో చాలామందికి ఉంది. ఆమదాలవలసలో మా కాలేజీ కుర్రవాళ్ళూ అంతే. "పెద్దలకు మాత్రమే" అనిపించుకున్న బొమ్మల చిత్రం కూడా ఉందని చెబితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. తోలుబొమ్మలాటలో కేతిగాడూ, బంగారక్కా ఆడే మోటు సరసాలు విని ఉంటే అంత ఆశ్చర్యపోయేవారు కారు. ఆ హాస్యమే లేకపోతే తెల్లవార్లూ జనం మేలుకుని కూర్చునేవారా?

నేను చెప్పిన చిత్రం 'ఫ్రిట్జ్ ద క్యాట్'. రాబర్ట్ క్రంబ్ అనే అమెరికన్ కార్టూనిస్టు గీసిన పిల్లి కథలను 1972లో రాల్ఫ్ బక్షీ సినిమాగా తీశాడు. అమెరికాలో 'ఎక్స్' సర్టిఫికెట్టు పొందిన మొదటి బొమ్మల చిత్రం అదే. 1960ల నాటి కాలేజీ యువకుల విప్లవ వేషాలనూ, పోలీసులనూ, తెల్లవారి నల్లవారి తగాదాలనూ ఎత్తిపొడిచింది. డబ్బూ బాగా వచ్చింది. క్రంబ్‌కు మాత్రం ఒళ్ళు మండింది. ఆ ఏడే తన కార్టూన్ కథలో ఒక ఆడ నిప్పుకోడి చేత పొడిపించి పిల్లిని చంపేశాడు.

సృష్టించినవాడు చంపినా నిర్మాత చావనిస్తాడా? 1974లో స్టీవ్ క్రాంట్జ్ రెండో చిత్రం విడుదల చేశాడు. పేరు 'ద నైన్ లైవ్స్ ఆఫ్ ఫ్రిట్జ్ ద క్యాట్'. పిల్లికి తొమ్మిది ప్రాణాలని ఇంగ్లీషువాళ్ళ సామెత గదా! ఈసారి బక్షీ లేడు. దర్శకుడు రాబర్ట్ టేలర్. పెళ్ళాం సాధింపు భరించలేక ఫ్రిట్జ్ గంజాయి మత్తులో వేరే బతుకులు ఊహించుకుంటాడు. ఒకదానిలో హిట్లరు కొలువు, ఒకదానిలో అంగారక యాత్ర. చిత్రం కాన్ చిత్రోత్సవంలో పోటీకి వెళ్ళింది గాని, విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. మొదటిదానిలోని వాడి ఇందులో లేదన్నారు.

ఆ మాట నిజమే. అయితే తప్పు బూతుది కాదని నా అభిప్రాయం. అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి'లో బూతుకు కొదవా? మనసు చలించిన ఇల్లాలు గడప దాటకుండా హంస రాత్రికొక కథ చొప్పున ఇరవై కథలు చెబుతుంది. ప్రతి కథకూ ఒక పని ఉంది: ఆ రాత్రి గడవాలి. ఫ్రిట్జ్ ఊహలకు అలాంటి పనేదీ లేదు. ఏ ముక్క తీసేసినా తక్కినవి కదలవు.

మన తెలుగులోనూ పెద్దలకోసం బొమ్మల చిత్రం తీయాలని ఎవరికైనా పుట్టవచ్చు. పుట్టాలి కూడా. ఎంతవరకు చూపవచ్చునో సెన్సారువారు చెబుతారు. ఎందుకు చూపాలో తీసేవాడే తేల్చుకోవాలి.