అనుమతి లేని బోధకులు

1179 మార్చి. రోమ్‌లో మూడో లాటరన్ మహాసభ. దేశదేశాల బిషప్పులతో కిటకిటలాడుతున్న ఆ సభకు నేటి ఫ్రాన్స్‌లోని లియోన్ నగరం నుంచి కొందరు సామాన్యులు వచ్చారు. తమ వాడుకభాషలోకి రాయించుకున్న బైబిల్ భాగాలు పోప్ ముందుంచి, జనానికి బోధించుకోనివ్వమని అడిగారు. వాళ్లను పరీక్షించే పని ఇంగ్లండ్ రాజాస్థానానికి చెందిన వాల్టర్ మ్యాప్ అనే మాటకారికి దక్కింది.

పితను విశ్వసిస్తారా అన్నాడు. విశ్వసిస్తామన్నారు. పుత్రుణ్ని? పవిత్రాత్మను? అదే జవాబు. మరి క్రీస్తు తల్లిని? ఆమెనూ విశ్వసిస్తామన్నారు. సభ గొల్లుమంది. త్రిత్వాన్ని విశ్వసించినట్టుగా మరెవరినీ విశ్వసించకూడదన్నది వేదాంతం చదివినవాళ్లకు తొలి పాఠం. వీళ్లు ఆ బడికి వెళ్లినవాళ్లు కాదు.

ఈ ముచ్చట తన పుస్తకంలో మనకు చెప్పింది మ్యాపే. వాళ్లను అంతగా ఆటపట్టించినవాడు అదే పుస్తకంలో అసలు సంగతీ బయటపెట్టుకున్నాడు: వీళ్లను లోపలికి రానిస్తే మనం బయటికి పోవలసి వస్తుందని. తర్వాతి కథంతా నడిపించింది ఆ భయమే.

ఆ బృందాన్ని కూడగట్టినవాడు వాల్డెస్. పుస్తకాల్లో పీటర్ వాల్డో అని కనిపిస్తాడు గానీ, ఆ ‘పీటర్’ 14వ శతాబ్దపు రాతల్లో వచ్చి చేరిందే. లియోన్‌లో వడ్డీలకు తిప్పి బాగా గడించిన వర్తకుడు. నాటి ఒక వృత్తాంతం ప్రకారం, 1173లో ఒక ఆదివారం వీధి గాయకుడొకడు ఇల్లూవాకిలీ వదిలేసిన సెయింట్ అలెక్సిస్ కథ పాడుతుంటే ఆగి విన్నాడు. మర్నాడు ఒక వేదాంత పండితుణ్ని కలిసి, దేవుణ్ని చేరడానికి అన్నిటికన్నా ఖాయమైన దారేదని అడిగాడు. ఉన్నదంతా అమ్మి పేదలకిమ్మన్న సువార్త వాక్యం ఆయన వినిపించాడు. ఈ షావుకారు నిజంగానే ఆ పని చేసేస్తాడని ఆ పండితుడు అనుకొని ఉండడు.

భార్యకు స్థిరాస్తి వదిలేశాడు. ఆమెకు చెప్పకుండా ఇద్దరు కూతుళ్లను ఫోంతెవ్రో కన్యాస్త్రీల మఠంలో చేర్చాడు. అన్యాయంగా గుంజుకున్న సొమ్ము ఎవరిది వాళ్లకిచ్చేశాడు. కరువు రోజుల్లో వచ్చినవాళ్లందరికీ అన్నదానం చేశాడు. ఆఖరికి పాత స్నేహితుడి గుమ్మంలో నిలబడి రొట్టె అడిగితే, ఆ సంగతి విన్న భార్య ఏడుస్తూ ఆర్చ్‌బిషప్ దగ్గరికి పరుగెత్తింది. నగరంలో ఉన్నంతకాలం భార్య దగ్గర తప్ప ఇంకెక్కడా తినకూడదని తీర్పు వచ్చింది! పుణ్యాత్ముల జీవితచరిత్రల్లో ఇల్లాలి గోడు ఇలా వినిపించడం అరుదు.

పోప్ మూడో అలెగ్జాండర్ వాల్డెస్ పేదరిక వ్రతాన్ని మెచ్చుకున్నాడు. బోధకు మాత్రం షరతు పెట్టాడు: స్థానిక గురువులు పిలిస్తేనే నోరు విప్పాలి. గురువులు పిలవరు, వీళ్లు ఆగరు. పైగా ఆడవాళ్లూ బోధిస్తున్నారు. 1190 ప్రాంతంలో ఫోంకోద్ మఠాధిపతి బెర్నార్ వీళ్లను ఖండిస్తూ రాసిన గ్రంథంలో స్త్రీల బోధ మీద విడిగా వాదన పెట్టాల్సి వచ్చిందంటే, అది ఏ మేరకు సాగిందో ఊహించుకోవచ్చు.

కాథలిక్ విశ్వాసమే తన విశ్వాసమని 1180లో వాల్డెస్ ప్రమాణపత్రం ఇచ్చాడు. అయినా నాలుగేళ్లకే వెరోనాలో పోప్ మూడో లూసియస్ ప్రకటించిన బహిష్కృతుల జాబితాలో ‘లియోన్ పేదలు’గా వీళ్లూ చేరారు. మరో పాతికేళ్లకు, 1209లో, అసిసీ నుంచి ఫ్రాన్సిస్ అనే ఇంకో వర్తకుడి కొడుకు అదే పేదరికంతో రోమ్‌కు వచ్చాడు. పోప్ మూడో ఇన్నోసెంట్ అతనికి నోటిమాటగా అనుమతి ఇచ్చాడు. ఒకరు మతద్రోహి, మరొకరు పునీతుడు. ఫ్రాన్సిస్ విధేయత గొప్పదే, కాదనలేం. కానీ వాల్డెస్ విషయంలో రోమ్ చేసిన పొరపాటు కూడా ఫ్రాన్సిస్‌కు దారి సుగమం చేసిందనిపిస్తుంది.

తరిమేశాక వాల్డెస్ అనుచరుల సిద్ధాంతాలూ చర్చికి దూరం జరిగాయి. చనిపోయినవాళ్ల ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలం లేదన్నారు, మరణశిక్ష పాపమన్నారు. కొండమీది ప్రసంగాన్ని అక్షరాలా పాటిస్తూ ఒట్టు వేయబోమన్నారు. ఈ చివరిదే కొంప ముంచింది. విచారణ సత్యప్రమాణంతో మొదలవుతుంది. ప్రమాణం చేయననడమే నేరానికి రుజువు. 1319లో పామియే బిషప్ జాక్ ఫుర్నియే ఎదుట రేమొన్ ద లా కోత్ అనే బోధకుణ్ని, అతనికి చిన్నప్పుడు పాలిచ్చి పెంచిన ముసలి దాది ఆన్యెస్‌నూ నిలబెట్టారు. ఇద్దరూ ఒట్టు వేయలేదు. 1320లో ఇద్దర్నీ సజీవంగా తగలబెట్టారు. ఫుర్నియే తర్వాత పన్నెండో బెనెడిక్ట్ పేరుతో పోప్ అయ్యాడు.

మిగిలినవాళ్లు ఆల్ప్స్ లోయల్లో తలదాచుకున్నారు. వాళ్ల బోధకులు ‘బార్బా’లు, అంటే బాబాయిలు. పెద్దాయన ఒకరు, కుర్రాడు ఒకరు జంటగా, చాలాసార్లు వర్తకుల వేషంలో, ఊరూరా తిరిగేవారు. గ్రంథం దొరికితే ప్రమాదం కనుక కంఠస్థమే భద్రం. యోబు గ్రంథమంతా అప్పజెప్పే చదువురాని రైతు గురించి 13వ శతాబ్దంలో ఒక విరోధే ఆశ్చర్యపోతూ రాశాడు.

1532లో షాన్‌ఫొరాన్ సభలో వీళ్లు ప్రొటెస్టెంట్ ఉద్యమంతో చేతులు కలిపారు. ఫ్రెంచ్ బైబిల్ ముద్రణకు డబ్బు పోగేశారు. అది 1535లో వెలువడింది. హింస మాత్రం ఆగలేదు. 1655లో సవోయ్ సేనలు పీడ్‌మాంట్ లోయల్లో జరిపిన ఊచకోతకు ఇంగ్లండ్ పాలకుడు క్రామ్‌వెల్ నిరసన లేఖలు పంపించాడు, కవి మిల్టన్ సానెట్ రాశాడు. పౌరహక్కులు దక్కింది 1848 ఫిబ్రవరి 17న. ఇప్పటికీ ఆ ముందురోజు రాత్రి ఆ లోయల్లో భోగిమంటల్లాంటి మంటలు వేస్తారు.

2015 జూన్‌లో పోప్ ఫ్రాన్సిస్ తురిన్‌లో, వాల్డెస్ పేరుమీదుగా వాల్డెన్సియన్లు అనిపించుకుంటున్న వీళ్ల ఆలయానికి వెళ్లి, కాథలిక్ చర్చి తరఫున క్షమాపణ అడిగారు. అసిసీ ఫ్రాన్సిస్ పేరు పెట్టుకున్న పోప్ ఆయన. ఆగస్టులో వాల్డెన్సియన్ల మహాసభ జవాబు పంపింది. ఆ మాటను గౌరవంగా, కృతజ్ఞతతో స్వీకరించింది. అయితే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల స్థానంలో నిలబడి, వాళ్ల బదులు క్షమించే హక్కు తమకు లేదని రాసింది.